మహమ్మారి దినములలో రోగుల పట్టీ



నేను వైద్యుడను గాను. ముప్పదిమూడేండ్లు ఉన్నత పాఠశాలలో తెలుగు పండితుడనుగా నుండి పదవి విరమించినవాడను. అయినను పట్టీ యనగా నేమో నాకు కొంత తెలియును. ఉదయమున ప్రార్థన ముగియగానే హాజరుపట్టీ విప్పి పేర్లు పిలుచుట నా వృత్తిలో మొదటి పని. పదేండ్లు ఆ పని చేసిన పిమ్మటగాని అందలి కీలకము నాకు బోధపడలేదు. ఒకనాడు ఒక బాలుడు రాకపోవుట వార్త కాదు. ఒకే వీథినుండి వచ్చు నలుగురు బాలురు రెండు దినములలో రాకపోయినచో అది వార్త. ఒక సంవత్సరము మా యూరిలో తట్టు ప్రవేశించిన సంగతిని వైద్యునికంటె ముందు నా పట్టీయే చెప్పినది. నేను కనిపెట్టితినని చెప్పుకొనను. ఖాళీ గడులు వరుసగా కనబడినవి, అంతియే.

ఈ దినమున నేను చెప్పబూనినది అట్టి పట్టీని గూర్చియే. కాని యది బడిపట్టీ కాదు. ఊపిరియాడక ఆసుపత్రి గుమ్మము తొక్కిన రోగులను, వారు వచ్చిన వేళనుండి, ఒక్క తీరున వ్రాసికొను పట్టీ. 2020వ సంవత్సరమున కోవిడ్ మహమ్మారి లోకమును చుట్టుముట్టినప్పుడు నిన్నటి రోగి నేటి రోగికి ఎట్లు ఉపకరించెను? ఎచ్చట ఉపకరింపలేదు? ఈ ప్రశ్నల వెంబడి నేను కొన్ని నెలలు పుస్తకములు తిరుగవేసితిని. అందులకు స్వంత కారణమొకటి కలదు. దానిని తరువాత మనవి చేసికొందును.

మా తాతగారు ఒక చిన్న గ్రామమునకు కరణము. చెన్నపురి రాజధానిలో జనన మరణముల నమోదునకు 1899లో చట్టము పుట్టినది. మా యూరిలో ఆ పుస్తకము మునసబు పేర నున్నను వ్రాసెడివారు తాతగారే యని మా నాయనగారు చెప్పుచుండిరి. 1918 చివరి మాసములలో ఇన్‌ఫ్లుయెంజా వచ్చి యిల్లిల్లు ఖాళీచేసినప్పుడు తాతగారు మరణకారణపు గడిలో దినదినము ఒక్క మాటయే వ్రాసిరట: జ్వరము. ఆయన తప్పు లేదు. ఆ గడిలో వ్రాయుటకు ఆయనకు తెలిసిన మాట అదియొక్కటే. దేశమంతట గ్రామోద్యోగులు అట్లే వ్రాసిరి. ఆ పుస్తకములను, 1921 జనాభా లెక్కలను పోల్చి చూచి, ఆ వ్యాధివలన మన దేశమున కోటికి పైగా, కొందరి లెక్కలో కోటి డెబ్బది లక్షలకు మించి, జనులు గతించిరని తరువాతి పండితులు గణించిరి. మృతుల సంఖ్యను తెలిసికొనుటకు ఆ పుస్తకము చాలినది. కాని 1918 నవంబరులో మంచమెక్కిన వానికి 1918 అక్టోబరులో పోయినవాని పేరు వలన ఒక్క గుక్కెడు మేలైనను కలుగలేదు. మరణపట్టీకిని రోగిపట్టీకిని గల భేదము ఇదియే.

మరణపట్టీలు మిక్కిలి పురాతనములు. లండను నగరమున ప్లేగు వచ్చిన దినములలో వారము వారము మృతుల జాబితాలు అచ్చువేసి అమ్మెడివారు. జాన్ గ్రాంట్ అను వర్తకుడు ఆ కాగితములను ప్రోగుచేసి, 1662లో వాటిపై ఒక గ్రంథము వెలువరించెను. శవములను చూచి కారణము చెప్పుటకు నియోగింపబడిన వృద్ధ స్త్రీలు కొంత మద్యమునకును, కొంత లంచమునకును లోబడి, సిగ్గుపడవలసిన రోగములను మరుగుపరచుచుండిరని అతడే వ్రాసినాడు. పట్టీ పుట్టినప్పుడే దొంగపట్టీయు పుట్టినదన్నమాట. దొంగపట్టీ ముచ్చట మరల వచ్చును, జ్ఞాపకముంచుకొనుడు.

బ్రదికియున్న రోగుల పేర్లను దేశమంతటికి ఒకే పుస్తకమున చేర్చిన మొదటి రాజ్యము నార్వే యని చరిత్రకారులందురు. అచ్చట పశ్చిమ సముద్రతీరమున బీద రైతులలోను జాలరులలోను కుష్ఠురోగము బహుళముగా నుండెను. బెర్గెన్ నగరమున దాని కొరకు ఆసుపత్రులుండెను. ఆ కాలపు గొప్ప వైద్యులు అది వంశపారంపర్యమని నమ్మియుండిరి. 1856లో ప్రభుత్వము రోగుల పట్టీని ప్రారంభించి, ప్రతి జిల్లా వైద్యుడును తన యెల్లలోని కుష్ఠురోగుల పేరు, వయస్సు, నివాసము, బంధుత్వములు వ్రాసి పంపవలెనని విధించినది. రోగి ఇల్లు మారినను, ఆసుపత్రిలో చేరినను, మరణించినను ఆ సంగతి అదే పేరు క్రింద చేరుచుండెను. మన కరణపు లెక్కలలో భూమి చేతులు మారినను సర్వే నెంబరు మారనట్లుగా, అచ్చట రోగి ఎక్కడికి పోయినను పట్టీలో అతని స్థానము మారలేదు. వంద సంవత్సరములకు సమీపముగా నడచిన ఆ పుస్తకమున ఎనిమిదివేల పైచిలుకు పేర్లు చేరినవి. అర్మవుర్ హాన్సెన్ 1873లో కుష్ఠక్రిమిని సూక్ష్మదర్శినిలో చూచినాడని మన బాలురు చదువుకొందురు. కాని క్రిమిని చూచుట వేరు, అది ఒకరినుండి యొకరికి సోకునని లోకమును ఒప్పించుట వేరు. ఏ జిల్లాలలో రోగులు ఎక్కువగా ఆసుపత్రులలో వేరుగా నుంచబడిరో ఆ జిల్లాలలో క్రొత్త రోగులు వేగముగా తగ్గుచున్నారని ఆయన ఆ పట్టీనుండి లెక్కదీసి చూపెను. వంశదోషమైనచో అట్లు తగ్గవలసిన పని లేదు గదా! ఒక గొప్ప వాదమునకు పల్లెటూరి వైద్యుల చేవ్రాలు సాక్ష్యమిచ్చినది.

అదే కాలమున ఇంగ్లండులో ఫ్లారెన్సు నైటింగేలు ఆసుపత్రులన్నింటికిని ఒకే నమూనా కాగితము ఉండవలెనని పట్టుబట్టినది. 1860లో లండనులో జరిగిన అంతర్జాతీయ గణాంక సభకు ఆమె ప్రతిపాదన చేరినది. కొన్ని లండను ఆసుపత్రులు ఒకటి రెండేండ్లు ఆ కాగితములు నింపి ప్రకటించి, పిదప విడిచిపెట్టినవి. కారణము చిన్నదే. ఆ కాగితము మిక్కిలి పొడవు. నింపుటకు కాలమును సొమ్మును చాలలేదు. దొరసాని మేధకు నమస్కరించుచునే చెప్పుచున్నాను: పాఠశాల తనిఖీకి వచ్చు అధికారులు పంపెడి కాగితములను ముప్పదిమూడేండ్లు నింపినవాడను గనుక, ఆ ఆసుపత్రి గుమాస్తాలయెడ నాకు సానుభూతి మెండు. అరువది గడుల కాగితమున నలువది అబద్ధములుండును. ఎనిమిది గడుల కాగితమున నిజము నిలుచును. ఈ ఎనిమిది అను సంఖ్యను నేను ఊరక చెప్పలేదని ముందు తెలియగలదు.

ఇక మన కాలమునకు వత్తము. ఆసుపత్రిలో అత్యవసర విభాగమని యొకటి యుండును. మనవారు క్యాజువాలిటీ యనుచుందురు. కాలు విరిగినవాడును, గుండె నొప్పివాడును, జ్వరము వచ్చిన పసిబిడ్డయు ఒకే గుమ్మమున వత్తురు. ఎవరికి ఏమి రోగమో ముఖమున వ్రాసియుండదు. లోపలి వార్డులోని వైద్యునికి రోగి పేరుతో రోగపు పేరును తెలిసియుండును. గుమ్మముకడ వైద్యునికి రెండును తెలియవు. మంచములు పదియుండగా మనుష్యులు ముప్పదిమంది యుందురు. ఎవరిని లోపల చేర్చుకొనవలెను, ఎవరిని ఇంటికి పంపవలెను, ఎవరిని దూరముగా కూర్చుండబెట్టవలెను అను మూడు ప్రశ్నలకు నిమిషములలో ఉత్తరము చెప్పవలెను. క్రొత్త రోగమైనచో పుస్తకమునందు ఉత్తరము లేదు.

కెనడా దేశమున టొరాంటో నగరము 2003లో ఈ సంగతిని కష్టముగా నేర్చుకొన్నది. హాంకాంగులో ఒక హోటలునందు బస చేసిన వృద్ధురాలు ఒకతె ఫిబ్రవరి చివర స్వగృహమునకు తిరిగివచ్చి మార్చి 5న మరణించినది. ఆమె కుమారుడు మార్చి 7న జ్వరముతోను దగ్గుతోను ఒక ఆసుపత్రి అత్యవసర విభాగమునకు పోయెను. అతనికి సార్స్ అను క్రొత్త రోగము సోకినదని యెవ్వరికిని తెలియదు. ఆ పేరే అప్పటికి పుట్టలేదు. ఇతర రోగుల నడుమ, పరదా మాత్రము అడ్డముగా, గంటల తరబడి అతడు మంచముపై నుండెను. పరదా కవతలివారికి రోగము సోకినది. వారి ద్వారా వారి యింటివారికి, నర్సులకు, వైద్యులకు సోకినది. ఆ యేట కెనడాలో నిశ్చితములును అనుమానితములును కలిసి 438 మందికి రోగమని వ్రాయబడినది. 44 మంది మరణించిరి. మృతులలో ఇద్దరు నర్సులును ఒక వైద్యుడును కలరు. తరువాత విచారణ జరిపిన పెద్దలు చూపిన లోపములలో ఇదియొకటి: రోగుల వివరము అందరును చూడదగిన ఒక్క పట్టీలో లేదు. ప్రజారోగ్య కార్యాలయముల చేతిలో పాతకాలపు కంప్యూటరు పద్ధతియు, కాగితపు దస్త్రములును ఉండెను. ఒక ఆసుపత్రికి తెలిసినది మరియొక ఆసుపత్రికి చేరుటకు ముందే రోగము చేరుచుండెను.

దీనికి విరుద్ధముగా పట్టీ ముందుగా సిద్ధమై యున్నచో ఏమగునో 2009లో ఆస్ట్రేలియా, న్యూజిలండు దేశములు చూపినవి. ఆ సంవత్సరము హెచ్1ఎన్1 ఇన్‌ఫ్లుయెంజా పుట్టినది. భూగోళము క్రింది సగమున జూను, జూలై, ఆగస్టు నెలలు చలికాలము గనుక ఆ దేశములకు చలికాలపు దెబ్బ ముందుగా తగిలినది. ఆ రెండు దేశముల తీవ్రచికిత్సా విభాగముల వైద్యులు పూర్వమే ఒక సమితిగా నేర్పడి పట్టీలు వ్రాయుటకు అలవాటుపడినవారు. జూను 1 నుండి ఆగస్టు 31 వరకు 187 విభాగములలో చేరిన 722 మంది రోగుల వృత్తాంతమును ఒక్కచో చేర్చి అక్టోబరు మొదటి పక్షముననే ప్రకటించిరి. అందు 66 మంది గర్భిణులు. వృద్ధులనే మ్రింగునని తలచిన రోగము పడుచువారిని, స్థూలకాయులను, గర్భవతులను పట్టుచున్నదని తెలిసినది. ఎన్ని మంచములు, ఎన్ని శ్వాసయంత్రములు కావలసివచ్చునో లెక్క దొరికినది. భూగోళము పైసగమున చలికాలము అప్పటికింకను రాలేదు. ఒక గోళార్ధపు రోగులు రెండవ గోళార్ధపు వైద్యులకు పాఠము చెప్పి పంపినట్లైనది. మహమ్మారి యింకను సాగుచుండగనే ఆ పాఠము అందినది.

బ్రిటనులో కొందరు వైద్యులు దీనిని గ్రహించి, ఏ క్రొత్త సాంక్రామిక రోగము వచ్చినను వెంటనే విప్పదగిన నమూనా కాగితమును, అనుమతులను సంవత్సరముల ముందే సిద్ధపరచి బీరువాలో నుంచిరి. ఆ బీరువా తలుపు 2020 జనవరి 17న తెరచిరి. ఆ దేశమున మొదటి కోవిడ్ రోగి నిర్ధారింపబడినది ఆ నెల చివరిదినమున. పెండ్లికుమారుడు రాకముందే పందిరి వేసినట్లు, రోగి రాకముందే పట్టీ వచ్చినది. పరిశోధన నర్సులును, తరగతులు మూతపడిన వైద్యవిద్యార్థులును గడులు నింపిరి. మే నెలకు 208 ఆసుపత్రులనుండి 20,133 మంది రోగుల వృత్తాంతము లోకమునకు తెలియవచ్చినది.

ఆ పట్టీనుండి పుట్టిన ఉపకరణమొకటి మిక్కిలి సులభమైనది. దానిని కొంచెము వివరింతును. ఏలయన అది మా బడిపంతుళ్లకు పరిచితమైన మార్కుల పద్ధతి. ఇంగ్లండు, స్కాట్లండు, వేల్సులలోని 260 ఆసుపత్రులలో ఫిబ్రవరి మొదలు మే వరకు చేరిన 35,463 మంది వివరములను గణకులు పరిశీలించిరి. ఏ రోగి బ్రదికెను, ఏ రోగి పోయెను అను ఫలితము తెలిసియున్నది గదా. వచ్చిననాటి లక్షణములలో ఏవి ఆ ఫలితమును ముందుగా సూచించినవి అని వెదకి ఎనిమిదింటిని మాత్రము నిలిపిరి. వయస్సు, స్త్రీయా పురుషుడా, పూర్వపు దీర్ఘరోగములెన్ని, నిమిషమునకు ఊపిరులెన్ని, రక్తమున ప్రాణవాయువు ఎంత, స్మృతి యున్నదా, రక్తమున యూరియా ఎంత, లోపలి తాపమును సూచించు సి-రియాక్టివ్ ప్రోటీను ఎంత. ప్రతిదానికి కొన్ని మార్కులు. అన్నియు కలిపిన 21. ఇచ్చట ఎక్కువ మార్కులు వచ్చుట శుభము కాదు. మూడు మార్కులకు మించనివారిలో నూటికొక్కరు పోయిరి. పదునైదు, అంతకు పైన వచ్చినవారిలో నూటికి అరువదిరెండుమంది పోయిరి. ఈ లెక్క సరియా యని మరియొక 22,361 మంది క్రొత్త రోగులపై పరీక్షించి, సెప్టెంబరులో ప్రకటించిరి. గుమ్మముకడ నిలిచిన యువవైద్యుడు పెద్ద గురువును నిద్రలేపక, కాగితముపై కూడిక చేసి, ఈయన ఇంటికి పోవచ్చును, ఈయనను కదలనీయరాదు అని తెలిసికొను అవకాశము కలిగినది. కూడిక వైద్యుని బుద్ధికి బదులు కాదు. అలసిన బుద్ధికి ఊతకఱ్ఱ.

టొరాంటో గాయము మానని కెనడాలో 2020లో జరిగినది ఇంకను మన విషయమునకు దగ్గర. వాంకూవరు నగరపు అత్యవసర వైద్యురాలు కొరిన్ హోల్ ముందునడువగా, దేశమందలి అత్యవసర విభాగములు సత్వర స్పందన సమితిగా నేర్పడినవి. ఎనిమిది రాష్ట్రములలో ఏబదికి పైగా విభాగములు అందు చేరినవి. 2020 మార్చి 1 మొదలుకొని వచ్చిన రోగులను వరుసతప్పక వ్రాసిరి. ఇందు రెండు విశేషములు నన్ను ఆకర్షించినవి. మొదటిది: రోగమున్నవారిని మాత్రమే కాక, అనుమానముతో పరీక్షింపబడి రోగము లేదని తేలినవారిని కూడ వ్రాసిరి. గుమ్మముకడ ప్రశ్న రోగమున్నదా లేదా యనునదే గదా! ఉత్తీర్ణుల పేర్లు మాత్రము చూచి పరీక్ష కష్టమో సులభమో చెప్పలేము; తప్పినవారి పేర్లును కావలెను. రెండవది: రోగికి కోవిడ్ ఉండగల అవకాశమును అంచనావేయు మార్కులలో, రోగి లక్షణములతోపాటు, ఆ వారము ఆ ప్రాంతమున రోగము ఎంత వ్యాపించియున్నదో అదియు చేర్చిరి. అదే దగ్గు, అదే జ్వరము. ఊరిలో రోగము లేని వారమున దానికొక అర్థము, వీథివీథిని రోగమున్న వారమున మరియొక అర్థము. మా వ్యాకరణమున పదమునకు అర్థము ప్రకరణమునుబట్టి యని చెప్పుదుము. సైంధవ మనిన ఉప్పా గుఱ్ఱమా యనునది భోజనవేళనా ప్రయాణవేళనా యనుదానిపై నుండును. ఆ వైద్యులు శాస్త్రము చదువకయే ప్రకరణమును పట్టుకొనిరి. పరీక్షాఫలితము వచ్చుటకు దినములు పట్టిన కాలమున, ఎవరిని విడిగా నుంచవలెనో తెలుపుటకు ఇది పనికివచ్చినది. 2003లో పరదా నడుమ పడుకొనిన ఆ కుమారుని గూర్చి చదివినవారికి దీని విలువ వేరుగా చెప్పనక్కరలేదు.

ఇంతవరకు పట్టీని పొగడితిని. ఇక దాని దోషము చెప్పకున్న పక్షపాతినగుదును.

ఇందాక దొంగపట్టీ యంటిని. 2020 మే 22న లాన్సెట్ అను ప్రసిద్ధ వైద్యపత్రికలో ఒక వ్యాసము వెలువడినది. ఆరు ఖండములలో 671 ఆసుపత్రులనుండి 96,032 మంది రోగుల వివరములు తమకడ నున్నవనియు, హైడ్రాక్సీక్లోరోక్విను అను మలేరియా మందు పుచ్చుకొన్న కోవిడ్ రోగులు అధికముగా మరణించిరనియు అందుండెను. ప్రపంచ ఆరోగ్య సంస్థ మూడు దినములలో ఆ మందు పరీక్షను నిలిపివేసినది. కాని లెక్కలు తెలిసినవారు ఊరకుండలేదు. ఏప్రిలు 21 నాటికి ఆస్ట్రేలియా ఆసుపత్రులలో 73 మంది మరణించిరని ఆ పట్టీ చెప్పుచున్నది; ఆ దేశమంతట అప్పటికి లెక్కకు వచ్చిన మృతులు 67 మందియే. ఉన్నవారికంటె పోయినవారు ఎక్కువ! మూలకాగితములు చూపుమని యడిగిన, ఆ పట్టీ గల కంపెనీ చూపలేదు. జూను 4న వ్యాసమును ఉపసంహరించుకొనిరి. నా శిష్యులలో ఒకడు ఇంటిలెక్క చేయక జవాబు మాత్రము వ్రాసి తెచ్చుచుండెను. మధ్యమెట్టు అడిగినంతనే పట్టుబడుచుండెను. మహాపత్రికల పండితులు మధ్యమెట్టు అడుగుట మరచిరి.

పట్టీ నిజమైనదే యైనను ఒక ప్రశ్నకు అది తిన్నగా సమాధానము చెప్పజాలదు. ఈ మందు పనిచేయునా? ఏలయన మందు ఇచ్చినవారును ఈయనివారును మొదటినుండియు సమానులు కారు. ప్రమాదమున నున్నవానికే వైద్యుడు ఆత్రముతో మందిచ్చును. వాడు పోయినచో మందు చంపినట్లు కనబడును. అందుచేత బ్రిటనులోని రికవరీ పరీక్షలో బొమ్మా బొరుసా వేసినట్లు చీటీపద్ధతిని రోగులకు మందు నిర్ణయించిరి. అచ్చట హైడ్రాక్సీక్లోరోక్విను వలన మేలు లేదని జూనులో తేలినది: పుచ్చుకొన్నవారిలో నూటికి 27, పుచ్చుకొననివారిలో 25 మంది పోయిరి. అదే నెలలో డెక్సామెథసోను అను చవుక మందు శ్వాసయంత్రముపై నున్నవారిలో మరణములను నూటికి 41 నుండి 29కి దించినదని తెలిసినది. ఊపిరికి సాయమక్కరలేనివారికి దానివలన లాభము కనబడలేదు. అనగా మందు ఇచ్చుటకు ముందు గుమ్మముకడ ప్రాణవాయువును కొలిచి వ్రాయుట తప్పనిసరి యైనది. పట్టీయు పరీక్షయు ఒకదానికొకటి బండికి చక్రములవలె తోడైనవి.

కొలుచుట యన్నంతనే మరియొక సంగతి. వ్రేలికి తగిలించు పల్స్ ఆక్సీమీటరు మనలో ఎందరి ఇండ్లకో ఆ దినములలో వచ్చినది. 2020 డిసెంబరులో అమెరికా వైద్యులు ఆసుపత్రి పట్టీలలో ఆ యంత్రపు అంకెను, రక్తనాళమునుండి తీసి కొలిచిన అంకెను ప్రక్కప్రక్కన పెట్టి చూచిరి. యంత్రము 92 మొదలు 96 వరకు చూపుచుండగా నిజముగా 88కి దిగువకు పడియున్నవారు తెల్లవారిలో నూటికి నలుగురు లోపు. నల్లవారిలో పదునొకండ్రకు పైన. చర్మపు వన్నె కాంతికి అడ్డమగుచున్నది. ఎన్నో యేండ్లుగా ఆసుపత్రులలో వాడుచున్న యంత్రపు ఈ పొరపాటు, రెండు గడులు ప్రక్కప్రక్కన చేర్చి చూచినప్పుడు గాని అందరి కన్నులకు ఆనలేదు. చామనచాయవారమైన మనము దీనిని తెలిసికొనియుండుట మంచిది.

మన దేశమున భారత వైద్య పరిశోధన మండలి 2020లో జాతీయ పట్టీని ప్రారంభించినది. నలువది పైచిలుకు ఆసుపత్రులనుండి దాదాపు పందొమ్మిదివేలమంది రోగుల వివరములు అందు చేరి, మొదటి రెండు తరంగములకును గల భేదమును తెలిపినవి. రెండవ తరంగమున చేరినవారి సగటు వయస్సు కొంచెము తగ్గినది. మరణముల పాలు నూటికి పదినుండి పదమూడునకు హెచ్చినది. ఇంత విశాలదేశమునకు నలువది ఆసుపత్రులు చాలునా యని మీరడుగవచ్చును. చాలవు. ఆ పట్టీలో చేరని ఆసుపత్రులలో ఒకదానికి నేను 2021 మే నెలలో పోయితిని.

మా పెద్దక్క భర్తకు, మా బావగారికి, ఆ రాత్రి ఊపిరి యెగబ్రాకుచుండెను. నాలుగు దినములుగా జ్వరము. నా పాత అలవాటుచేత గోడనున్న క్యాలెండరు కాగితమొకటి చించి, దాని వెనుక గడులు గీసి, రెండు గంటల కొకసారి ప్రాణవాయువు అంకెయు, నాడియు వ్రాయుచుంటిని. మధ్యాహ్నము 95, సాయంకాలము 93, రాత్రి పదిగంటలకు 90, ఆపైన 87. ఆసుపత్రి గుమ్మముకడ ముగ్గురు ఒకరి తరువాత ఒకరు వచ్చి ఒకే ప్రశ్నలడిగిరి. ఎవ్వరును వ్రాసికొనలేదు. వారిని నిందింపను, వరండా నిండ రోగులు, గుమాస్తా యొక్కడు, వాడును జ్వరముతో నున్నట్లు కనబడెను. నాలుగవ పర్యాయము ఒక చిన్న వయస్సు వైద్యురాలు వచ్చి, “ఎప్పటినుంచి తగ్గింది, మాస్టారూ?” అనెను. కాగితము చేతికిచ్చితిని. నిలుచుండియే చదివి, ఏమియు మాటలాడక, తానే బల్ల త్రోయుచు లోపలికి తీసికొనిపోయెను. బావగారు తరువాత నాలుగు దినములుండిరి. అయిదవనాటి తెల్లవారుజామున పోయిరి.

కొన్ని నెలలకు మా అక్క పింఛను పనికై వైద్యపత్రములు కావలసివచ్చి, నేను ఆసుపత్రికి పోయి అడిగితిని. ఒక్క పుట కాగితమిచ్చిరి. అందు వచ్చిన గంట లేదు. వచ్చినప్పటి ప్రాణవాయువు లేదు. ఊపిరుల సంఖ్య లేదు. ఏమి మందు ఏనాడు మొదలుపెట్టిరో లేదు. మరణకారణపు గడిలో మాత్రము శ్వాసవైఫల్యమని యుండెను. తాతగారి పుస్తకము నాకు స్ఫురించినది.

నా క్యాలెండరు కాగితము బావగారి చొక్కాజేబులో మడచియుండి, బట్టలతోపాటు తిరిగివచ్చినది. నేను గీసిన గడుల క్రింద, నీలి సిరాతో, నాది కాని దస్తూరిలో ఒక వరుస అధికముగా నుండెను: రాత్రి 2-40, ప్రాణవాయువు 84, ఊపిరులు 36, స్మృతి యున్నది.